మ్యాప్‌లో దారి కనబడితే బండి పోనివ్వొచ్చా? పీక్ డిస్ట్రిక్ట్ మట్టి దారుల సంగతి

మీరు అడిగినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. మీరు ఉండేది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో. సెకండ్ హ్యాండ్ ల్యాండ్ రోవర్ డిస్కవరీ జీపు కొన్నారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మూడు కుటుంబాలు మూడు బళ్ళలో పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల నేషనల్ పార్కుకి వెళ్ళి, ఫోన్ మ్యాప్ చూపించింది కదా అని ఒక మట్టి దారిలోకి దిగారు. మొదట్లో ‘అన్‌సూటబుల్ ఫర్ మోటర్స్’ (మోటారు బళ్ళకి అనువు కాదు) అని బోర్డు ఉంది. రావద్దని లేదు కాబట్టి ముందుకే పోయారు. కిలోమీటరు తర్వాత గేటు, గేటు స్తంభం మీద నీలం బాణం. గేటు తీసుకుని ఇంకాస్త దూరం పోయేసరికి నడిచి వస్తున్న ఇద్దరు పెద్దవాళ్ళు ఆపి అరిచారు, నంబర్ ప్లేట్ ఫోటో తీసుకున్నారు. ఇప్పుడు మీ టెన్షన్ ఏమిటంటే, కేసు అవుతుందా, మనం ఇండియన్స్ కాబట్టి అరిచారా, అసలు ఇక్కడ ఏ మట్టి దారిలోనూ బండి పోకూడదా?

నేను షెఫీల్డ్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నానండీ. ఈ దారుల్లో మొదట బైకు మీద, తర్వాత ఒక పాత డిఫెండర్ జీపులో తిరుగుతున్నాను. లాయర్ని కాను. మీలాగే తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నవాణ్ణి.

సూటిగా చెప్పాలంటే గేటు దాకా బహుశా మీ తప్పేం లేదు. గేటు దాటాక ఉంది.

‘అన్‌సూటబుల్ ఫర్ మోటర్స్’ అనే బోర్డు నిషేధం కాదు, సలహా. శాట్‌నావ్ నమ్ముకుని డెలివరీ వ్యాన్లు, చిన్న కార్లు వచ్చి ఇరుక్కుపోకుండా పెడతారు. ఆ బోర్డు ఉన్నంత మాత్రాన మీకు హక్కు ఉందనీ కాదు, లేదనీ కాదు. నిజమైన నిషేధం బోర్డు వేరే ఉంటుంది: ఎర్రటి గుండ్రటి చట్రంలో పైన మోటర్‌సైకిలు, కింద కారు బొమ్మ. అది కనబడితే ఇక ఆలోచించేదేం లేదు, బండి వెనక్కి తిప్పడమే. నీలం బాణం అంటే బ్రైడిల్‌వే. నడిచేవాళ్ళకి, గుర్రం మీద పోయేవాళ్ళకి, సైకిళ్ళకి మాత్రమే. పసుపు బాణం ఫుట్‌పాత్, అక్కడ నడక ఒక్కటే. ముదురు ఊదా రంగుది రెస్ట్రిక్టెడ్ బైవే, దాని మీద గుర్రబ్బండి కూడా పోవచ్చు గానీ మోటారు పోకూడదు. ఎర్ర బాణం ఒక్కటే మన బళ్ళకి. దాన్ని బైవే ఓపెన్ టు ఆల్ ట్రాఫిక్ అంటారు, పొడి అక్షరాల్లో బోట్. ఇంగ్లండ్‌లో ఉన్న ఇలాంటి హక్కు దారులన్నిటి పొడవులో ఈ బోట్‌లు దాదాపు రెండు శాతమే.

మరి ఒకే దారి సగం దాకా బండికి సరే, గేటు దాటితే కాదు అంటే ఎలా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మాది తెనాలి దగ్గర పల్లె. పొలాలకి పోయే డొంక ఉండేది. గోదావరి వాళ్ళు పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట. పక్క రైతు ఏటా ఒక్కో సాలు కలుపుకుంటూ వస్తే, పదేళ్ళకి రెండు బళ్ళు తప్పుకునే డొంక కాస్తా ఒంటి బండి దారి అవుతుంది. తగాదా ముదిరి సర్వేయర్ వచ్చాడంటే ఇప్పుడు నేల మీద దారి ఎంతుందో ఆయనకి అనవసరం. ఊరి మ్యాపులో ఎంత ఉందో చూసి గొలుసు పట్టుకుంటాడు. ఇక్కడా అంతే. దారి మీద హక్కు దారిలో ఉండదు, రికార్డులో ఉంటుంది. రికార్డు రాసిన కాలంలో ఒక ఊరివాళ్ళు తమ హద్దు దాకా ఒక రకంగా, పక్క ఊరివాళ్ళు అవతల ఇంకో రకంగా రాయించారు. అందుకే గేటుకి ఇవతల రోడ్డు, అవతల బ్రైడిల్‌వే అయిన దారులు చాలా ఉన్నాయి. మీది వాటిలో ఒకటే అయ్యుండాలి.

ఆ రికార్డులు రెండు. మొదటిది డెఫినిటివ్ మ్యాప్. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చినప్పుడు, ఏ దారి మీద ఎవరికి హక్కుందో మ్యాపు గీయమని కౌంటీ కౌన్సిళ్ళకి చెప్పారు. అప్పుడు కొన్నిటిని నడక దారులుగా, కొన్నిటిని గుర్రపు దారులుగా రాసి, ఎటూ తేలనివాటికి ‘పబ్లిక్ బాటగా వాడుతున్న రోడ్డు’ అని ఒక పేరు పెట్టి వదిలేశారు. ఆ తేల్చని పని అరవై ఏళ్ళు నెత్తి మీద కూర్చుంది. బోట్ అనే తరగతి 1968 చట్టంతో వచ్చింది. రెండోది లిస్ట్ ఆఫ్ స్ట్రీట్స్, అంటే కౌన్సిల్ తన ఖర్చుతో బాగు చేయించాల్సిన రోడ్ల జాబితా. నంబరూ తారూ లేని మట్టి రోడ్లు కూడా ఇందులో ఉంటాయి. వాటిని మనవాళ్ళు యూసీఆర్ అంటారు, అన్‌క్లాసిఫైడ్ కౌంటీ రోడ్ అని. మీరు గేటు దాకా పోయింది అలాంటి రోడ్డు మీదే అనుకుంటున్నాను.

ఇక్కడ 2006 గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఈ దేశంలో పాత సూత్రం ఒకటుంది, ఒకసారి రహదారి అయితే అది ఎప్పటికీ రహదారే. దాన్ని పట్టుకుని, రెండొందల ఏళ్ళ కిందట ఈ దారిలో గుర్రబ్బళ్ళు తిరిగాయని పాత కాగితాలు చూపిస్తే, ఇప్పుడు మోటారు బళ్ళకీ హక్కు వచ్చేది. మన లెక్కలో, తాతగారి ఎడ్లబండి తిరిగిన డొంకలో మనవడు జీపు తిప్పడం. మోటారు క్లబ్బులవాళ్ళు ఆర్కైవుల్లో కూర్చుని కాగితాలు తీయడం, నడిచేవాళ్ళు గోల పెట్టడం, ఇలా సాగింది. చివరికి 2006 మే 2న అమల్లోకి వచ్చిన చట్టంతో, ఆనాటికి రికార్డులోకి ఎక్కని మోటారు హక్కులు చాలామటుకు పోయాయి. అదే రోజు ఎటూ తేలని ఆ పాత తరగతి మొత్తం రెస్ట్రిక్టెడ్ బైవేలుగా మారింది. మినహాయింపులు కొన్ని ఉంచారు. ముఖ్యమైనది, ఆ రోజుకి డెఫినిటివ్ మ్యాప్‌లో లేకుండా లిస్ట్ ఆఫ్ స్ట్రీట్స్‌లో ఉన్న దారి. యూసీఆర్‌లు బతికింది ఆ మినహాయింపుతోనే. కానీ లిస్టులో ఉండటం అంటే కౌన్సిల్ బాగు చేయించాలని మాత్రమే, బండి హక్కుకి అది పూర్తి రుజువు కాదు. ముందు నుంచీ హక్కు ఉంటేనే అది నిలబడింది. ఇందుకే యూసీఆర్ విషయంలో కౌన్సిల్ రైట్స్ ఆఫ్ వే ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టి అడగడం మంచిది. కాస్త సమయం పడుతుంది గానీ జవాబిస్తారు.

ఫోన్ మ్యాప్‌ని ఈ పనికి వాడకండి. అది కంటికి కనబడే గీతను చూపిస్తుంది, హక్కును చూపించదు. ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపు కొనుక్కోండి, కిలోమీటరుకి నాలుగు సెంటీమీటర్ల స్కేలు. పీక్ డిస్ట్రిక్ట్‌కి రెండు షీట్లు: ఉత్తరానికి ఓఎల్ 1, దక్షిణానికి ఓఎల్ 24. అందులో ఆకుపచ్చ కూడిక గుర్తులు వరసగా ఉంటే బోట్. పొడుగు గీతల వరస బ్రైడిల్‌వే, పొట్టి గీతలది ఫుట్‌పాత్. ఆకుపచ్చ చుక్కల వరస ఉంటే ప్రజలకి ఏదో ఒక హక్కు ఉంది గానీ అదేమిటో కౌన్సిల్‌నే అడగమని అర్థం. యూసీఆర్‌లు ఎక్కువగా ఈ చుక్కల్లోనే ఉంటాయి. ఏ రంగూ లేకుండా నల్లగా గీసిన దారి హక్కుకి రుజువు కాదని మ్యాపు మూలన వాళ్ళే అచ్చు వేస్తారు. మీ దారిని ఆ మ్యాపులో వెతకండి. గేటు దగ్గర చుక్కలు పోయి పొడుగు గీతలు మొదలవుతాయని నా అంచనా.

మ్యాపులో కూడిక గుర్తులున్నా పని అయిపోలేదు. దారి మీద ట్రాఫిక్ రెగ్యులేషన్ ఆర్డర్, అంటే బళ్ళని ఆపే ఉత్తర్వు, ఉందేమో చూడాలి. వాడుకలో టీఆర్ఓ. 2007 నుంచి నేషనల్ పార్కుల అధికారులే కౌన్సిల్‌తో పని లేకుండా ఇవి పెట్టగలుగుతున్నారు. పీక్ డిస్ట్రిక్ట్‌లో చాపెల్ గేట్, రోయ్చ్, స్టానేజ్ మీది లాంగ్ కాజ్‌వే, లేస్ లేన్, డర్బీ లేన్, వాష్‌గేట్ ఇలా మూతపడ్డవే. చాపెల్ గేట్ మీద మొదట పెట్టిన ఆర్డర్‌ని బైకులవాళ్ళ సంఘం ట్రెయిల్ రైడర్స్ ఫెలోషిప్ కోర్టుకి లాగితే 2012లో హైకోర్టు కొట్టేసింది. పార్కు వాళ్ళు ఊరుకోలేదు, మళ్ళీ పద్ధతిగా పెట్టారు. పాత యూట్యూబ్ వీడియోల్లో ఈ దారుల్లో జీపులు ఎగురుతూ కనబడతాయి. అవి చూసి వెళ్ళి దొరికిపోయిన కుర్రాళ్ళని నేనే చూశాను. టీఆర్ఓల జాబితా పార్కు వెబ్‌సైటులో ఉంటుంది. బయలుదేరే ముందు రోజు రాత్రి చూసుకోండి, పోయిన ఏడాది చూసింది లెక్కలోకి రాదు. కొన్ని దారులకి కాలాన్ని బట్టి మూత ఉంటుంది. దక్షిణాన రిడ్జ్‌వే మీద కొన్ని భాగాల్లో అక్టోబరు మొదలు ఏప్రిల్ చివరి దాకా మోటారు పోకూడదు.

ఇక మీ కేసు సంగతి. బ్రైడిల్‌వే మీద మోటారు పోనివ్వడం 1988 రోడ్ ట్రాఫిక్ యాక్టు 34వ సెక్షన్ కింద నేరం. కోర్టుకి వెళ్తే జరిమానా గరిష్ఠంగా వెయ్యి పౌన్లు. 2002 చట్టంలో 59వ సెక్షన్ అని ఇంకొకటి ఉంది, జనాన్ని ఇబ్బంది పెట్టేలా బండి నడిపితే పోలీసులు బండినే పట్టుకుపోవచ్చు. మీలా ఒకసారి తెలియక వచ్చి, చెప్పగానే వెనక్కి తిరిగినవాళ్ళ విషయంలో నేను చూసినంతలో ఏమీ రాకపోవడమో, హెచ్చరిక ఉత్తరం రావడమో జరిగింది. అంతకుమించి రాదని మాటివ్వలేను. ఎవరు నడిపారో చెప్పమని ఉత్తరం వస్తే 28 రోజుల్లో ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి. మీ బావమరిది నడిపాడనో, గుర్తులేదనో రాయకండి. దాని శిక్ష అసలు తప్పు శిక్ష కంటే బరువు.

ఇండియన్స్ కాబట్టే అరిచారా అన్నారు. వాళ్ళ మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ నా డిఫెండర్‌లో పక్క సీట్లో పుట్టు యార్క్‌షైర్ మనిషి కూర్చున్నప్పుడు, పూర్తిగా చట్టబద్ధమైన బోట్ మీద కూడా ఇంతకంటే గట్టిగా అరిపించుకున్నాను. ఆ కోపానికి ఒక చరిత్ర ఉంది. ఈ కొండలు ఒకప్పుడు జమీందార్ల వేట భూములు, మామూలు మనిషి కాలు పెడితే కాపలావాళ్ళు తరిమేవాళ్ళు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు నుంచి మిల్లు కార్మికులు, కుర్రాళ్ళు వందలమంది కిండర్ స్కౌట్ కొండ మీదికి కావాలనే నడుచుకుంటూ వెళ్ళారు. ఐదుగుర్ని జైల్లో వేశారు. 1951లో ఈ దేశంలో మొదటి నేషనల్ పార్కుగా పీక్ డిస్ట్రిక్ట్ ఏర్పడిందంటే దాని వెనక ఆ నడక ఉంది. వాళ్ళ తాతలు జైలుకెళ్ళి తెచ్చుకున్న ప్రశాంతతలోకి మీరు రెండున్నర టన్నుల డీజిల్ బండి వేసుకుని వచ్చారు. అది వాళ్ళ లెక్క. దాంతో నేను పూర్తిగా ఏకీభవించను, కానీ అర్థం చేసుకోగలను.

ఎందుకు ఏకీభవించనో కూడా చెప్తాను. మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పులతో వంద గజాలు నడవలేకపోయేవారు. ఒక జూన్ సాయంత్రం ఆయన్ని ఎర్ర బాణం దారిలో నడక వేగంతో కొండ మీది దాకా తీసుకెళ్ళాను. కిటికీ దింపి చాలాసేపు చూసి, ‘మన డొంకే రా, నల్లమట్టికి బదులు రాళ్ళు పోశారు’ అన్నారు. కాళ్ళున్నవాళ్ళకే కొండ అనడం సరికాదు. అలాగని నాకు హక్కుంది కదా అని వానలో పోయి దారిని దున్నేసేవాడిని వెనకేసుకు రాలేను. ఈ రెంటి మధ్యే మనం నిలబడాలి. మన పక్షాన్ని ఎక్కువగా చెడగొడుతున్నది నడిచేవాళ్ళు కాదు, మన బళ్ళే.

ఎలా చెడగొడతాయో కళ్ళారా చూస్తే తప్ప తెలియదు. మీరు ఫిబ్రవరిలో వెళ్ళిన దారికి మే నెలలో కాలినడకన మళ్ళీ వెళ్ళండి. చక్రం నేలని అణిచిన చోట గాడి పడుతుంది. మనం ‘గాడి తప్పింది’ అంటామే, అదే గాడి. చదును నేల మీద గాడిలో నీళ్ళు నిలుస్తాయి. తర్వాత వచ్చిన బండి ఆ బురదను తప్పించుకోవడానికి పక్కన గడ్డి మీద ఎక్కుతుంది, అక్కడ ఇంకో గాడి. ఒక చలికాలం గడిచేసరికి మూడు గజాల దారి పది గజాల బురద చేనవుతుంది. ఏటవాలు మీద ఇంకా అన్యాయం. గాడి కాస్తా బోదె అవుతుంది. మా వైపు పొలాల్లో నీళ్ళు పారించడానికి కష్టపడి బోదెలు తీస్తాం, ఇక్కడ చక్రమే తీసిపెడుతుంది. కొండ మీద పడ్డ వాన అంతా అందులో దిగి, సన్న మట్టిని కడిగేసి, పెద్ద రాళ్ళని బయట పెడుతుంది. దారికి అడ్డంగా పాతకాలం వాళ్ళు పెట్టిన రాతి కాలవ ఒకటి పూడుకుపోయిందంటే, ఒక్క గాలివానకి అడుగు లోతు కోత. తర్వాత వచ్చిన గుర్రం కాలు ఆ రాళ్ళలో మడత పడుతుంది. పై కొండల మీద నల్లటి పీట్ నేల ఉంటుంది, నాచు కుళ్ళి ఏర్పడినది. అది పెరిగేది ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు. అంటే మీ టైరు ఒక్క క్షణంలో నొక్కిన అడుగు లోతు నేల వెనక మూడొందల ఏళ్ళున్నాయి.

దారిలోకి దిగే ముందు నేను చేసే పని ఒకటే. బండి తారు రోడ్డు మీదే ఆపి, బూట్లు వేసుకుని రెండు వందల గజాలు నడుస్తాను. మడమతో నేలని గట్టిగా నొక్కుతాను. మడమ దిగి, ఆ గుంటలోకి నీళ్ళు ఊరాయంటే ఆ రోజుకి అంతే. బండెక్కి ఫ్లాస్కులో టీ తాగి ఇంటికి పోతాను. అలా తిరిగొచ్చిన రోజులు నా లెక్కలో సగానికి సగం ఉంటాయి. మా ఆవిడ దృష్టిలో నేను డీజిలు తగలేసుకుని మైదానంలో టీ తాగొచ్చే మనిషిని.

ఇక్కడ క్లబ్బులవాళ్ళు నాలుగు మాటలు చెప్తారు, ఇంగ్లిషులో నాలుగూ డబ్ల్యూతో మొదలవుతాయి: వెదర్, వెయిట్, విడ్త్, విన్చెస్. వానలో దిగొద్దు, మీ బండి బరువు దారి మోయగలదో లేదో చూడు, పట్టని సందులో దూరకు, విన్చి (ఇరుక్కున్న బండిని కేబులుతో లాగే యంత్రం) కొక్కేన్ని చెట్టుకో గోడకో తగిలించకు. మొదటి మూడూ ఎవరికైనా తోస్తాయి. నాలుగోది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం.

బహుశా పదమూడేళ్ళయింది. స్నేహితుడి బండి గట్టు పక్కకి జారి ఒరిగింది. చెట్లు లేవు. గేటు రాతి స్తంభం ఒకటి గట్టిగా కనబడింది, మనిషంత ఎత్తు. కేబులు దానికి చుట్టి విన్చి లాగాం. బండి రాలేదు, స్తంభం వచ్చింది. దాంతోపాటు పక్కనున్న గోడ నాలుగు గజాలు జారిపోయింది. గొర్రెలు మమ్మల్ని చూస్తూ నిలబడ్డాయి. పారిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి. కిందికి దిగి రైతు ఇల్లు వెతుక్కుని తలుపు కొట్టాం. ఆయన వచ్చి చూసి, ఒక్క మాట కూడా అనకుండా ‘శనివారం ఎనిమిదింటికి రండి’ అన్నాడు. వెళ్ళాం. సున్నం, సిమెంటు లేని గోడ అది. రెండు వైపులా రెండు వరసలు పేర్చుకుంటూ, మధ్య సందులో పిడికెడు రాళ్ళు ఒక్కొక్కటి కూరాలి. పారతో గుమ్మరిస్తే ఒప్పుకోడు. కొంత ఎత్తు రాగానే ఈ వైపు నుంచి ఆ వైపుకి పట్టేంత పొడుగు రాయి అడ్డంగా వేయాలి, లేకపోతే గోడ ఏడాదిలో పొట్ట ఉబ్బుతుందన్నాడు. చీకటి పడేదాకా ముగ్గురం కలిసి రెండు గజాలు కట్టాం. స్తంభానికి డబ్బు ఇచ్చాం. ఇప్పటికీ ఆ వైపు వెళ్తే మేం కట్టిన ముక్క ఎక్కడో నాకు తెలుస్తుంది, కాస్త వంకర.

మిగతావి గబగబా చెప్తాను. బోట్ కూడా రోడ్డే కాబట్టి లైసెన్సు, ట్యాక్సు, ఎంఓటీ (బండికి ఏటా చేయించే పరీక్ష), నంబర్ ప్లేటు అన్నీ ఉండాలి. ఇన్సూరెన్స్ వాళ్ళని మట్టి దారుల మాట అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నాలుగు బళ్ళకి మించి ఒక గుంపుగా పోకండి, ఐదోది వస్తే రెండు గుంపులుగా వేరే వేళల్లో పోండి. వేగం మనిషి పరిగెత్తే వేగం దాటకూడదు. దారి విడిచి గడ్డి మీదికి పోకండి, గుంట ఉంటే గుంటలోంచే మెల్లగా పోవాలి, పక్కనుంచి కాదు. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే దాటాక మూసేయండి. ఏప్రిల్‌లో గొర్రెలు ఈనే కాలం, మూయని గేటు ఒక్కటి చాలు రైతుకి వారం రోజులు నిద్ర లేకుండా చేయడానికి. మార్చి నుంచి జులై దాకా కర్ల్యూ లాంటి పిట్టలు నేల మీదే గూడు పెడతాయి, దారి అంచున ఆపడానికి కూడా చూసుకుని ఆపాలి. పిల్లలకి కొనిచ్చే ఎలక్ట్రిక్ మోటర్‌బైకుల గురించి కూడా ఒక మాట. సౌండ్ లేదు, పొగ లేదు కాబట్టి బ్రైడిల్‌వే మీద పర్లేదనుకుంటున్నారు. తొక్కితేనే సాయం చేసే 250 వాట్ల సైకిళ్ళు వేరు, అవి సైకిళ్ళే. యాక్సిలరేటరు తిప్పితే పరిగెత్తేవి చట్టం దృష్టిలో మోటర్‌సైకిళ్ళు.

గుర్రం ఎదురొస్తే దూరంగానే ఆపి, ఇంజను కట్టేయండి. ‘నిదానంగా పోదాంలే’ అనుకోకండి, కట్టేయాలి. గుర్రం దాటి ముప్పై నలభై గజాలు పోయాక మళ్ళీ స్టార్టు చేయండి. నడిచేవాళ్ళు వస్తే కిటికీ దింపి గుడ్ మార్నింగ్ చెప్పండి. మ్యాపు డాష్‌బోర్డు మీద మడత విప్పే ఉంచండి. ఎవరైనా ‘ఇది రోడ్డు కాదు’ అంటే వాదించకుండా కూడిక గుర్తుల మీద వేలు పెట్టి చూపించండి. పదిమందిలో ఆరేడుగురు అక్కడితో మెత్తబడతారు. మిగతావాళ్ళు మెత్తబడరు, ఫర్లేదు.

లేక్ డిస్ట్రిక్ట్‌కి వెళ్దామనుకుంటే అక్కడ గొడవ ఇంకా వేడిగా ఉంటుంది. టిల్బర్‌త్వైట్ దగ్గరి మట్టి రోడ్లకి టీఆర్ఓ పెట్టమని పార్కు వాళ్ళని కోరితే పెట్టలేదు, ఆ నిర్ణయం మీద వేసిన కేసుని 2020లో హైకోర్టు కొట్టేసింది. అప్పటికి హక్కు నిలిచినట్టే. కానీ సెలవుల్లో అక్కడికి బళ్ళ వరస చూస్తే హక్కున్నా నాకు పోబుద్ధి కాదు. స్కాట్లాండ్‌లో బోట్ అనే తరగతే లేదు, అక్కడి కొండల మీద అందరికీ తిరిగే హక్కు ఇచ్చిన 2003 చట్టం మోటారుకి ఇవ్వలేదు. ఇంకో సంగతి, ఇక్కడ అలవాటైపోయి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నల్లమల మట్టి దారుల్లోకి ఇదే ధైర్యంతో బండి దించకండి. అక్కడ పెద్దపులుల రక్షిత ప్రాంతం. ఫారెస్టు వాళ్ళ అనుమతి లేని దారిలోకి పోకూడదు, శ్రీశైలం పోయే తారు రోడ్డుకే రాత్రి తొమ్మిదింటికి గేటు వేస్తారు.

మీకు నిజంగా ఇష్టం ఉంటే ఒంటరిగా మొదలుపెట్టకండి. గ్రీన్ లేన్ అసోసియేషన్ 1995 నుంచి ఉంది, కార్లవాళ్ళది. బైకులైతే ట్రెయిల్ రైడర్స్ ఫెలోషిప్, 1970 నాటిది. సభ్యత్వం తీసుకుంటే ఏ దారి ఇప్పుడు ఎలా ఉందో చూపించే మ్యాపు, దారి తెలిసిన తోడు దొరుకుతాయి. పూడిపోయిన కాలవలు తీయడానికి, చెత్త ఏరడానికి వాళ్ళు పిలిచే రోజుల్లో ఒకసారి వెళ్ళండి. పార పట్టినవాళ్ళ ఒంటి రంగు ఎవరూ అడగరు.

మే చివరి వారంలో నాలుగు రోజులు వాన లేకుండా ఉంటే నేను ఒక చిన్న దారికి వెళ్తాను. నేల గట్టిది, తిరగడానికి చోటు ఉంది, కొత్తవాళ్ళకి భయం ఉండదు. మీ మూడు బళ్ళలో ఒకటే తీసుకురండి, మిగతావాళ్ళు అందులో సర్దుకోండి. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి, పదింటికి నడిచేవాళ్ళు వచ్చేలోపు కిందికి దిగిపోతాం. ఆ వేళకి పబ్బు తెరవరు కాబట్టి పులిహోర కట్టుకురండి. పిల్లలకి బూట్లు తప్పనిసరి, ఎందుకంటే ముందు రెండు వందల గజాలు అందరం నడిచే చూస్తాం.